పౌరసత్వం ఉంది, అధ్యక్షుడికి ఓటు లేదు: ప్యూర్టో రికో వాళ్లకు ఇది న్యాయమా?

కడప లెక్చరర్:
ప్యూర్టో రికో అమెరికా పాలనలో ఉన్న కరీబియన్ దీవి, కానీ అమెరికా రాష్ట్రం కాదు. అక్కడ పుట్టినవాళ్లకు 1917 నుంచి అమెరికా పౌరసత్వం ఉంది. సైన్యంలోనూ పనిచేస్తారు. అధ్యక్ష ఎన్నికల్లో మాత్రం ఓటు లేదు. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో ప్రతినిధుల సభకు ఒక్కరిని పంపుతారు గానీ, బిల్లు మీద చివరి ఓటింగులో ఆ ప్రతినిధి లెక్కలోకి రారు. అదే మనిషి ఫ్లోరిడాలో కాపురం పెడితే ఓటు వచ్చేస్తుంది! 1898లో స్పెయిన్ ఆ దీవిని అప్పగించినప్పుడు అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీ చేతిలో పెట్టినప్పుడు మనవాళ్లనూ ఎవరూ అడగలేదు. మనకు తర్వాత ఓటైనా వచ్చింది.

అనంతపురం ఆడిటర్:
సార్, సగమే చెప్పారు. దీవిలో సంపాదించిన దాని మీద చాలామంది వాషింగ్టన్‌కు ఆదాయపు పన్ను కట్టరు. మినహాయింపూ కావాలి, ఓటూ కావాలంటే ఎలా?

కర్నూలు లా విద్యార్థి:
ఆడిటర్ గారూ, మన జిల్లాల్లో ఉపాధి హామీ పనికి వెళ్లేవారిలో ఆదాయపు పన్ను కట్టేది ఎవరు? పన్ను రసీదు చూసే వేలికి సిరా పూస్తున్నారా? పైగా ప్యూర్టో రికో వాళ్లు సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నులు కడుతూనే ఉన్నారు. అయినా పేద వృద్ధులకు, దివ్యాంగులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ సాయం ఆ దీవివాసులకు ఇచ్చి తీరాలని రాజ్యాంగంలో లేదని 2022లో అమెరికా సుప్రీంకోర్టు 8–1తో తేల్చింది. చూపిన కారణం మీరన్న పన్నే. పన్ను వేయాలా వద్దా అన్నది కాంగ్రెస్ ఇష్టం, ఆ కాంగ్రెస్‌లో వీళ్లకు ఓటు లేదు. వాళ్లు వేయని పన్నుకు వీళ్లకా శిక్ష?

ఆదోని టీచరమ్మ:
పౌరసత్వం ఇస్తామంటే అందరూ ఎగిరి గంతేస్తారనుకోకండి. పసిఫిక్‌లో అమెరికా పాలనలోనే ఉన్న దీవులు అమెరికన్ సమోవాలో పుట్టినవారు అమెరికా జాతీయులే తప్ప పౌరులు కారు. పౌరసత్వం కోసం కొందరు కోర్టుకెక్కితే అక్కడి ప్రభుత్వమే అడ్డుపడింది. అక్కడ భూమి చాలావరకు కుటుంబాల ఉమ్మడి సొత్తు, బయటివాళ్లకు అమ్మకూడదు. సమాన హక్కుల పేరుతో ఆ కట్టుబాటును కొట్టేస్తారేమోనని భయం. నేను ఏజెన్సీలో పనిచేశాను. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోకుండా ఆపే 1/70 చట్టం ఉండగానే గిరిజనుల భూములు ఎలా చేతులు మారాయో చూశాను, ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేను.

అనంతపురం ఆడిటర్:
టీచర్ గారూ, మన రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఉన్న గిరిజన ప్రాంతాల్లో భూమికీ రక్షణ ఉంది, గిరిజనుడికి ఓటూ ఉంది. ఒకటి వదిలితేనే రెండోదా? పన్ను మీద మాత్రం నా మాట అదే.

కువైట్‌లో కడపవాడు:
నాకు ఓటుంది, వేయాలంటే టికెట్టు కొనుక్కుని మా ఊరి బూత్‌కు రావాలి. టెక్సాస్ మనిషి పారిస్‌లో ఉన్నా తపాలాలో వేస్తాడు. ప్యూర్టో రికోకు మకాం మారిస్తే అధ్యక్షుడి ఓటు పోతుంది. పరదేశంలో ఉండే ఓటు సొంత జెండా కింద పోవడం ఏ పద్దులో రాస్తారు, ఆడిటర్ గారూ?