రిజర్వాయర్ అంటే ఇక్కడ జలాశయం కాదు

తిరుపతి నుంచి ప్రశ్న:
ఇంటర్ పిల్లల కోసం భూగర్భ ఉష్ణశక్తి మీద పాఠం తయారవుతోంది. లోతున వేడి గ్రానైట్‌లో ఏర్పరిచే రిజర్వాయర్‌ని "ఉష్ణ జలాశయం" అని రాశారు. ఈ మాట ఉంచవచ్చా?

చంద్రగిరి నుంచి:
వద్దండీ. జలాశయం అనగానే మనవాళ్లకు కల్యాణి డ్యామే కళ్లముందుకొస్తుంది. అంత లోతున నీళ్లు నిలవుండే గుంత ఏదీ ఉండదు. గట్టి రాయి, అందులో వెంట్రుకవాసి పగుళ్లు, అంతే. వేడి రాతిది, నీళ్లు మనం పంపేవి. ముందు ఒక బోరు దించి, అడుగున నీటిని ఒత్తిడితో ఎక్కిస్తారు. పాత పగుళ్ల రెండు ముఖాలూ ఒకదానిమీదొకటి కాస్త జరుగుతాయి. అవి గరుకువి కాబట్టి జరిగాక మునుపటిలా అతకవు, సందు మిగిలిపోతుంది. ఆ జరుగుడుకు పుట్టే సన్నటి కంపనాలను పరికరాలతో పట్టి, పగుళ్లు ఎటు సాగాయో చూసుకుని రెండో బోరు అందులోకి దించుతారు. మొదటి బోరులో పంపిన నీళ్లు పగుళ్లలో వేడెక్కి రెండో బోరులోంచి పైకి రావాలి.

ఈ వరస తప్పితే ఏమవుతుందో అమెరికాలోని ఫెంటన్ హిల్‌లో 1980లలో తేలింది. రెండు బోర్లూ ముందే వేసి తర్వాత నీళ్లు ఎక్కించారు. పగుళ్లు అనుకున్న దిక్కుకు పోలేదు, బోర్లు కలవలేదు. చివరికి ఒక బోరును మధ్యలోంచి మళ్లించి తవ్వారు. జలాశయం అని చదివిన పిల్లాడికి ఈ తిప్పలెందుకో ఎలా తెలుస్తుంది? "పగుళ్ల మండలం" అనండి.

పలమనేరు నుంచి:
మండలం అంటే ఎమ్మార్వో ఆఫీసు గుర్తొస్తాది సార్. నెర్రె అంటే రైతుకైనా తెలుసు, "నెర్రెల పొర" అంటే పోలా? నీళ్లు తగ్గిన బోరులో ప్యాకర్ (బోరును బిగించి మూసే బిరడా) దించి, ఒత్తిడితో నీళ్లు కొట్టి సందులు తెరిపించడం మన పక్కా ఉండేదే.

చంద్రగిరి నుంచి:
నెర్రె బాగుంది, పొర వద్దు. తిరుమల ఘాట్ రోడ్డులో చూడండి, పైన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి పొరలు పొరలుగా పరిచినట్టు ఉంటుంది, దాని కింది గ్రానైట్‌కు అలాంటి పొరల్లేవు. "నెర్రెల అల్లిక" అందాం.

మీరన్న "తెరిపించడం" కూడా పాఠంలో పెట్టాల్సిన మాటే. ఇంగ్లీషు "స్టిమ్యులేషన్"కు రాసే "ఉద్దీపన" కన్నా నయం. అయితే తెరిపించడం మితిమీరితే భూకంపమే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006 డిసెంబరులో 3.4 తీవ్రతతో కంపించింది, ఆ పని అంతటితో ఆగిపోయింది.

శ్రీకాళహస్తి నుంచి:
అల్లిక అన్నదే సరైన మాట, ఎందుకంటే గెలుపోటములు అక్కడే. నీళ్లన్నీ ఒక్క వెడల్పాటి నెర్రెలో పడి పోతే ఆ చుట్టూ రాయి త్వరగా చల్లారిపోతుంది, పక్క రాతిలో వేడి అలాగే మిగిలిపోతుంది. దీన్ని "అడ్డదారి" అనవచ్చు. సెకనుకు 50 లీటర్లు తిరుగుతూ 120 డిగ్రీల వేడి వదిలితే సుమారు 25 మెగావాట్ల ఉష్ణం. అందులో 12 శాతం కరెంటుగా మారినా 3 మెగావాట్లు, పంపులు తినేది మళ్లీ అందులోంచే పోవాలి. అడ్డదారి పడిందా, ఈ లెక్క కొన్నేళ్లలోనే కరిగిపోతుంది.

కేసింగు, అంటే బోరు గోడ కూలకుండా దించే గొట్టం, దాని గురించీ ఒక ముక్క రాయండి. 1,000 మీటర్ల ఉక్కు గొట్టం 150 డిగ్రీలు వేడెక్కితే 1.8 మీటర్లు సాగాలని చూస్తుంది. చుట్టూ సిమెంటు పట్టి ఉంచుతుంది గనుక ఆ బలమంతా గొట్టంలోనే ఉంటుంది. సిమెంటులో ఎక్కడైనా నీటి బుడగ చిక్కుకుంటే, అది కాగి ఉబ్బి గొట్టాన్ని లోపలికి నొక్కేస్తుంది.

పుత్తూరు నుంచి:
"భూతాపశక్తి" అని మాత్రం రాయకండి. పేపర్లు భూతాపాన్ని వాతావరణ మార్పుకు ఖాయం చేసేశాయి, పిల్లలు తికమకపడతారు. "భూగర్భ ఉష్ణశక్తి" పొడవైనా అదే నయం.

తిరుపతి నుంచి:
అలాగేనండీ. మరి మన గ్రానైట్‌లోనే ఇది వీలవుతుందని ఉదాహరణ ఇవ్వచ్చా?

పుత్తూరు నుంచి:
ఇవ్వకండి. మనది ధార్వాడ్ పాత రాయి, కింది నుంచి వచ్చే వేడి తక్కువ. నేలమీది 30 డిగ్రీలకు కిలోమీటరుకు సుమారు 13 చొప్పున కలుపుకున్నా 5 కిలోమీటర్ల లోతున 95 దాటదు. ఫ్రాన్స్‌లోని సుల్జ్‌లో అదే లోతున సుమారు 200 ఉంది, కరెంటూ తీస్తున్నారు, ఆ ఉదాహరణ ఇవ్వండి. మణుగూరు దగ్గరి పగిడేరును ఇక్కడ కలపకండి, అక్కడ బోర్లలోంచి వేడినీళ్లు వాటంతటవే వస్తాయి, నెర్రెలు తెరిపించే పనే లేదు.