బ్లికావ్స్‌కి సరైన చోటు ఏది: వెనకా, రక్కా, వింగా?

పిల్లి_మీసం:
ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (AFL) క్లబ్బు జీలాంగ్ ఆటగాడు మార్క్ బ్లికావ్స్‌ని ఎక్కడ ఆడించాలో తేల్చేద్దాం: వెనక డిఫెన్స్‌లోనా, రక్‌గానా (బంతిని పైకి వేసినప్పుడు ఎగిరి తనవాళ్ళకి తట్టే పొడుగువాడు), వింగ్ మీదా (మైదానం మధ్యభాగంలో అంచున)? 198 సెంటీమీటర్ల ఎత్తు, ఫుట్‌బాల్‌కి ముందు 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ రన్నర్. 2015లోనూ 2018లోనూ క్లబ్బు బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ (ఏడాది ఉత్తమ ఆటగాడి బహుమతి) గెలిచాడు, రెండుసార్లూ వేర్వేరు పనులు చేసి. నా ఓటు కీ డిఫెండర్‌కే, అంటే అవతలి పొడుగు ఫార్వర్డ్‌ని కాచుకునే కీ బ్యాక్‌కే. పొడుగు ఫార్వర్డ్ గోల్ దగ్గర నిలబడడు, బంతి కోసం ముందుకి పరిగెడతాడు, బాల్ రాకపోతే వెనక్కొచ్చి మళ్ళీ మొదలెడతాడు. నాలుగో క్వార్టర్‌కి మామూలు కీ బ్యాక్ రెండడుగులు వెనకబడతాడు, ఇతను పడడు. పైగా వెనక ఆడేవాడు బంతిని గాల్లో పట్టక్కర్లేదు, పిడికిలితో కొట్టి బౌండరీ వైపు తోసేస్తే చాలు.

రక్_బాబాయ్:
అంత తేలిక కాదు తమ్ముడూ. 2018లో వెనక్కి ఎందుకెళ్ళాడో కూడా చూడు. బంతి పైకి లేచినప్పుడు ఇద్దరు రక్‌లతో పాటు మూడోవాడు బయటినుంచి వచ్చి ఎగిరి కొట్టేవాడు చూశావూ, ఆ పనిలో ఇతను దిట్ట. 2017లో లీగ్ దాన్ని నిషేధించింది. సగం పని పోయింది, కొత్త పని వెతకాల్సొచ్చింది.

అసలు లాభం ఇది. 2019 నుంచి సెంటర్ బౌన్స్‌కి (మైదానం మధ్యలో ఆట మొదలెట్టేటప్పుడు) 6-6-6 నియమం: రెండు గోల్స్ ముందు గీసిన ఆర్క్‌ల్లో ఆరేసి మంది, మధ్య స్క్వేర్‌లో నలుగురు, వింగ్‌ల మీద ఇద్దరు. అచ్చమైన రెండో రక్‌మన్‌ని తీసుకుంటే, రక్ చేయనప్పుడు అతన్ని ఫార్వర్డ్ ఆర్క్‌లో దాచుకోవాలి. గోల్స్ కొట్టలేనివాడైతే ఆ చోటు దండగే. బ్లికావ్స్ వింగ్ మీద ఉంటే ఆ బెడద లేదు. మొదటి రక్ బెంచీకి వెళ్ళగానే ఇతను స్క్వేర్‌లోకి, కొత్త కాళ్ళతో ఇంకో వింగర్ బయటికి. మ్యాచ్‌కి బెంచీ నుంచి 75 మార్పులే, అంటే క్వార్టర్‌కి 19 కూడా రావు. అలాంటప్పుడు బెంచీ అడగనివాడి విలువ లెక్కేసుకో.

గోడమీద_పిల్లి:
బాబాయ్ గారూ, వింగ్ దగ్గరే నాకు అభ్యంతరం. అక్కడినుంచి కొట్టే కిక్ ఫార్వర్డ్ 50లోకి (అవతలి గోల్ ముందు 50 మీటర్ల ఆర్క్) వెళ్తుంది. అది తేలిపోతే అవతలి హాఫ్‌బ్యాక్ పట్టుకుని ఖాళీ మైదానంలో పరిగెత్తుతాడు. బ్లికావ్స్ కాళ్ళు ఇనుమే, కిక్ మాత్రం అంత నమ్మకం కాదు. పైగా జీలాంగ్ సొంత మైదానం కార్డినియా పార్క్ సన్నగా ఉంటుంది, వింగ్ మీద పరుగుకి జాగా తక్కువ. ఎం.సి.జి. వెడల్పులో అయితే సరే.

రక్‌లోనూ ఒక తేడా ఉంది. సెంటర్ బౌన్స్‌లో నాలుగడుగులు వేసి ఎగరొచ్చు, అక్కడ నెగ్గుకొస్తాడు. బౌండరీ త్రో-ఇన్‌లో (గీత దాటిన బంతిని అంపైర్ లోపలికి విసిరినప్పుడు) ఒంటికి ఒళ్ళు ఆనించి మొదలవుతుంది. రెండు మీటర్లు దాటిన మెల్‌బోర్న్ రక్ మ్యాక్స్ గాన్ లాంటివాడు భుజం పెట్టి పక్కకి జరిపేస్తాడు.

ఎర్ర_హంస:
సిడ్నీ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌ని మర్చిపోయారా? 2003 బ్రౌన్‌లో మెడల్‌ని (లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి) రక్‌గా ఆడి పంచుకున్నాడు, 2006ది మిడ్‌ఫీల్డర్‌గా గెలిచాడు. రెండు చోట్లా ఆడించొచ్చు కదా.

రక్_బాబాయ్:
గుడ్స్ ముందుకెళ్తే గోల్స్ కొట్టేవాడమ్మా. బ్లికావ్స్‌ని ముందు పెడితే ఏం లాభం? ఆ పోలిక వద్దు. @గోడమీద_పిల్లి త్రో-ఇన్ మాట ఒప్పుకుంటా. అందుకే అతన్ని మొదటి రక్ అనను. జీలాంగ్ రక్‌మన్ స్టాన్లీ కుస్తీ పట్టాలి, ఇతను మధ్యమధ్యలో పరుగు పెట్టించాలి. బంతి నేల మీద పడ్డాక అవతలి రక్ ఆయాసపడుతుంటే ఇతను నాలుగో మిడ్‌ఫీల్డర్ అవుతాడు. 2022 ఫైనల్లో సిడ్నీని 81 పాయింట్లతో కొట్టిన జట్టులో ఇలాగే వాడారు.

పిల్లి_మీసం:
అప్పుడు వాడగలిగారు, ఎందుకంటే వెనక డిఫెండర్‌గా శామ్ డి కోనింగ్ కుదురుకున్నాడు. పక్కన హెన్రీ, స్టీవర్ట్ ఉన్నారు. 2018లో ఆ డి కోనింగ్ లేడు, అందుకే బ్లికావ్స్ వెనక. అతనికి ఎక్కడ బాగుంటుందని కాదు, ఎవరు లేకపోతే గోడ కూలుతుందో చూసి పెట్టాడు కోచ్ క్రిస్ స్కాట్.

గోడమీద_పిల్లి:
మరి 2024లో ఆ డి కోనింగ్‌నే రక్‌లోకి తెచ్చారుగా. ఇప్పుడేమంటారు, బాబాయ్?