సెమిలిగుడ చలికి పెల్లెట్ స్టవ్ పనికొస్తుందా? వాడినవాళ్లు చెప్పండి

కొండమల్లి, సెమిలిగుడ
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో స్లాబు ఇల్లు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున గచ్చు మీద కాలు పెట్టలేకపోతున్నాం. మా అత్తగారికి ఆయాసం. ఆవిడకి బొగ్గుల కుంపటి అలవాటు, తలుపులన్నీ మూసి మంచం పక్కనే పెట్టించుకుంటారు. ఇక రాత్రంతా దగ్గే. రాడ్ హీటర్ పెడితే గొంతు పిడచకట్టుకుపోతోంది అంటారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు వాళ్లింట్లో పెల్లెట్ స్టవ్ (కలప పొట్టు అదిమి చేసిన గుళికలు కాల్చే పొయ్యి) ఉంది, పొగే రాదు, మీరూ పెట్టించుకోండి అంటోంది. మన కొండమీద ఎవరైనా ఆలోచించారా?

సుంకి ఘాట్
అమ్మా, స్టవ్ సంగతి తర్వాత, ముందు ఈ రాత్రి నుంచే ఆ కుంపటి గదిలోంచి తీసేయండి. ఎర్రగా కాలిన బొగ్గుకి పొగ కనబడదు కానీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది. వాసన ఉండదు, నిద్రలో తెలియదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. కుంపటి తప్పదనుకుంటే వరండాలో కాచుకుని, గదిలోకి వేడినీళ్ల బ్యాగు పట్టుకెళ్లమనండి.

వలసపక్షి, జైపూర్
మా అమ్మాయి వాళ్లు అమెరికాలోని వెర్మాంట్‌లో ఉంటారు. ఒక చలికాలమంతా అక్కడే ఉన్నాను, స్టవ్ పని నేనే చూసేవాణ్ణి. పైన డబ్బాలో పెల్లెట్లు పోస్తాం. మోటారుతో తిరిగే స్క్రూ వాటిని కొద్దికొద్దిగా చిన్న ఇనప గిన్నెలోకి తోస్తుంది. అక్కడ వేడి రాడ్డు వాటిని అంటిస్తుంది. ఒక ఫ్యాను పొగని గొట్టంలోంచి బయటికి లాగేస్తుంది, ఇంకోటి వేడిగాలిని గదిలోకి ఊదుతుంది. పొగ రాదన్నది నిజమే. ఎంత వేడి కావాలో నొక్కి వదిలేస్తే సరి.

అయితే పని మాత్రం ఉంటుంది. పొద్దున్నే చల్లారాక ఆ గిన్నె తీసి అడుగునున్న కన్నాలు పొడిచి శుభ్రం చేయాలి. నాలుగు కన్నాలు పూడుకుపోయాయంటే మంట ఎర్రగా, పొడుగ్గా, మందంగా లేస్తుంది, సాయంత్రానికి అద్దం నల్లబడిపోతుంది. కన్నాలు బాగుంటే మంట పొట్టిగా, తెల్లటి పసుపు రంగులో చురుగ్గా ఉంటుంది. నేను ఆ రంగు చూసే స్టవ్ ఎలా ఉందో చెప్పేవాణ్ణి. వారానికోసారి బూడిద ట్రే దులపాలి, సీజన్ అయ్యాక గొట్టం మొత్తం విప్పి తోమాలి. ఫ్యాన్ల చప్పుడు కూడా ఉంటుంది, నిద్ర పల్చగా పట్టేవాళ్లకి ఇబ్బందే. ఇంకో మాట, కరెంటు పోతే ఫ్యాన్లు ఆగుతాయి, గిన్నెలో మిగిలిన పెల్లెట్ల పొగ గదిలోకి మళ్లే ప్రమాదం ఉంది.

ఊకమిల్లు, రాయగడ
నేను పెల్లెట్లు చేసే యూనిట్‌లోనే పనిచేస్తాను, అందుకే రాస్తున్నాను. మన వైపు తయారయ్యేవి దాదాపు అన్నీ బాయిలర్ల కోసం. థర్మల్ ప్లాంట్లలో బొగ్గుతో కలిపి బయోమాస్ (పంట వ్యర్థాల) పెల్లెట్లు కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021లో విధానం తెచ్చాక సరుకు అటే పోతోంది. ఇంటి స్టవ్వుకి కావలసింది 6 మిల్లీమీటర్ల సన్నరకం, అదీ శుభ్రమైన కలప పొట్టుతో చేసింది. అందులో బూడిద నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఊకతో చేసిన దాంట్లో 15 నుంచి 20 పాళ్లు ఉంటుంది. పైగా ఊకలో ఇసక గుణం ఎక్కువ, వేడికి కరిగి గిన్నెలో రాయిలా కిట్టం కట్టేస్తుంది. దాన్ని ఉలి పెట్టి కొడితే గానీ రాదు. వేరుశనగ తొక్కుతో చేసినవీ ఇంటి స్టవ్వుకి సుఖం కాదు.

కొనేటప్పుడు ఒకటి తీసి విరిచి చూడండి, టప్పున విరగాలి, పైన నున్నగా మెరవాలి. నీళ్లగ్లాసులో వేస్తే మునగాలి. సంచి అడుగున పొడి ఎక్కువుంటే వద్దు. మన వానలకి ఇది ఇంకా కష్టం. తేమ తగిలితే పెల్లెట్ ఉబ్బి మళ్లీ పొట్టయిపోతుంది. జూన్‌లో చవగ్గా దొరికాయని కొని గోడకి ఆనించి పెట్టారో, చలి వచ్చేసరికి స్క్రూలో ఇరుక్కునే ముద్దలే మిగులుతాయి. చెక్కబల్ల మీద, గాలాడేచోట, సీలు తీయని సంచుల్లోనే ఉంచాలి.

కొండమల్లి
అన్నయ్యలూ, చాలా థాంక్స్. కుంపటి ఈ రోజే తీయించేశాను. ఖర్చు లెక్క ఎవరైనా చెప్పగలరా? ఆవిడ గది పన్నెండు బై పన్నెండు.

లెక్కలమాస్టారు, కోరాపుట్
చెప్తానమ్మా. కిలో మంచి కలప పెల్లెట్లలో సుమారు 4.7 యూనిట్ల (కరెంటు మీటరు యూనిట్లే) వేడి ఉంటుంది. స్టవ్ 85 శాతం పనిచేస్తే గదికి దక్కేది 4. రాత్రి నాలుగు గంటలు, గంటకి 2 యూనిట్ల వేడి కావాలనుకోండి, మొత్తం 8. అంటే 2 కిలోలు. రవాణాతో కలిపి కిలో 20 పడిందనుకుంటే 40 రూపాయలు. ఆయిల్ హీటర్‌కి అదే 8 యూనిట్ల కరెంటు, యూనిట్ 6 అనుకుంటే 48. తేడా పెద్దగా లేదు చూశారా? వేడి కూడా ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ అయితే బయటిగాలిలోని వేడిని లోపలికి లాగుతుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. ఖర్చు 16 రూపాయలు. స్టవ్వు ధర, గొట్టం, గోడకి కన్నం, ఇవన్నీ పెట్టి మనం వాడేది రెండున్నర నెలలు. వెర్మాంట్‌లో ఆరు నెలలు వాడతారు, వాళ్లకి గిడుతుంది.

ఇంకొకటి, మామూలు పెల్లెట్ స్టవ్ 6 నుంచి 8 కిలోవాట్లది. మీ గదికి అది మరీ ఎక్కువ. ఎప్పుడూ సన్నమంట మీదే నడిపితే మసి పేరుకుంటుంది.

కాఫీతోట, పొట్టంగి
మాస్టారి లెక్క టౌన్‌లో ఇల్లున్నవాళ్లకి సరే. మా తోట దగ్గర గాలివానకి లైను తెగితే రెండురోజులు దిక్కుండదు. అక్కడ ఏసీ గానీ పెల్లెట్ స్టవ్ గానీ బొమ్మల్లా కూర్చుంటాయి. మేం పెట్టించుకున్నది పొగగొట్టం ఉన్న కట్టెల బుఖారీ, అంటే గది వెచ్చబెట్టే ఇనప పొయ్యి. నీడకోసం వేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు ఏటా కొట్టాల్సిందే, అవి ఏడాది ఎండబెట్టి వాడతాం. పచ్చికట్టె పెడితే గొట్టంలో తారు పడుతుంది, అది అంటుకుంటే ఇంటికే ముప్పు. కట్టె ఇంట్లో పండేవాళ్లు పెల్లెట్లు కొనుక్కోవడం నాకైతే సబబుగా అనిపించదు.

కరెంటు బుల్లి, సునాబేడ
పెల్లెట్ స్టవ్వే కావాలంటే బ్యాటరీ ఇన్వర్టర్ లేకుండా పెట్టొద్దు. అంటించేటప్పుడు కొన్ని నిమిషాలు 300, 400 వాట్లు లాగుతుంది, తర్వాత వంద లోపే. ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే రాత్రి గడిచిపోతుంది. కానీ లైను కరెంటులాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే ఉండాలి. చవకరకం స్క్వేర్ వేవ్ మీద మోటార్లు గుర్రుమంటాయి, బోర్డు పోతుంది. ఆ బోర్డు పోతే ఇక్కడ బాగుచేసే మనిషి లేడు, స్పేర్ పార్ట్ ఎక్కణ్ణుంచో రావాలి. ఏసీ అయితే సెమిలిగుడలోనే మెకానిక్ దొరుకుతాడు.

సుంకి ఘాట్
ఏది పెట్టినా ముందు గది చూసుకోండి. మాకు తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, కిటికీ రెక్కలకి ఫోమ్ టేపు, స్లాబు కింద థర్మకోల్‌తో ఫాల్స్ సీలింగ్ వేయించాకే హీటర్ వేడి నిలబడింది. అంతకుముందు ఎంత కాల్చినా ఆకాశానికే. ఒక్క జాగ్రత్త, మంట ఉన్న గదిని మాత్రం ఇలా పూర్తిగా బిగించకూడదు.

కొండమల్లి
ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. పెల్లెట్ స్టవ్ ఆలోచన మానుకున్నాం. ఈ వారం పట్టీలు, టేపు వేయిస్తున్నాం, అత్తగారి గదికి వేడి ఇచ్చే ఏసీ తీసుకుంటాం. గాలి ఎండిపోతుందని ఆవిడ భయం, దానికేం చేయాలి?

వలసపక్షి
వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి గదిలో పెట్టమ్మా, తడి తువ్వాలు కుర్చీ మీద ఆరేసినా చాలు. ఏసీ గాలి మంచానికి తిన్నగా తగలకుండా రెక్కలు కిందికి, గోడవైపుకి తిప్పించు. కొనేముందు హీట్ మోడ్ ఉందో లేదో షాపులో వేసి చూపించమను, మన ఊళ్లలో అమ్మేవాటిలో చాలావాటికి చల్లదనం ఒక్కటే ఉంటుంది.