పాటల కౌంట్‌డౌన్‌కి ప్రేక్షకుల ఓటు ఉంచాలా, తీసెయ్యాలా?

కొండాయపాలెం గేటు (నెల్లూరు):
టీవీలో ప్రేక్షకుల ఓట్లతో పాటలకు ర్యాంకులు ఇచ్చే కౌంట్‌డౌన్ కార్యక్రమాల్లో అసలు ఓటే వద్దని, అదంతా ఫ్యాన్స్ గోల అని మా మిత్రుడొకరి వాదన. నేను ఒప్పుకోను. ఓటు ఉండాలి. కాకపోతే ఏ పాటకు ఎన్ని ఓట్లు పడ్డాయో తెర మీద అంకెల్లో చూపించాలి. అంకె చూపించని ర్యాంకును నమ్మాల్సిన పని లేదు.

ఈ ర్యాంకుల అలవాటు మనకు రేడియో నుంచి వచ్చింది. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో మొదలైన బినాకా గీత్‌మాలా హిందీ పాటల కార్యక్రమం. అందులో రికార్డుల అమ్మకాలతో పాటు శ్రోతా సంఘాలు పంపే జాబితాలను కూడా లెక్కలోకి తీసుకునేవారు. షాపులో స్టాకు అయిపోతే అమ్మకం ఆగుతుంది గానీ పాట మీద ఇష్టం ఆగదు కదా. ఆ సంగతి అప్పుడే గ్రహించారు. టీవీలో 90ల నాటికి సూపర్‌హిట్ ముకాబ్లా, ఫిలిప్స్ టాప్ టెన్ వచ్చాయి. మన దూరదర్శన్ చిత్రలహరిలో శుక్రవారం పాటలు వేసేవాళ్ళు గానీ ర్యాంకులు ఉండేవి కావు. (తడ, సూళ్లూరుపేట వైపు యాంటెన్నా తిప్పుకుని మద్రాసు దూరదర్శన్‌లో తమిళ పాటల కార్యక్రమం ఒలియుమ్ ఒలియుమ్ చూసినవాళ్ళకి కూడా అంతే.)

తర్వాత ఉత్తరాలు పోయి ఎస్ఎంఎస్‌లు, ఇప్పుడు యాప్‌లు వచ్చాయి. మనం ఓటు వేయడం సులువైంది గానీ, దాన్ని లెక్కపెట్టేవాళ్ళు మనకు కనపడకుండా పోయారు. నా బాధ అదే.

లాయర్‌పేట (ఒంగోలు):
అన్నా, మీరు లెక్క చూపించమంటున్నారు. ఆ లెక్కే తప్పుడుదైతే చూపించి ఏం లాభం? ఒక్కో మనిషి యాభై ఓట్లు వేస్తే అది ఇష్టం కాదు, ఓపిక. మా పిన్ని కొడుకు ఉన్న అభిమానుల గ్రూపులో సినిమా రిలీజ్ వారం వచ్చిందంటే చాలు, ఓటు లింకు పొద్దున, రాత్రి తిరుగుతూనే ఉంటుంది. పాట పూర్తిగా వినని పిల్లలు కూడా నొక్కుతారు.

2006 ఇండియన్ ఐడల్ ఫైనల్ గుర్తుందా? మన కారుణ్య పాటకు వంక పెట్టినవాళ్ళు లేరు. ఓట్లలో సందీప్ ఆచార్య గెలిచారు. ఆయన బాగా పాడలేదని అనడం లేదు. ఎస్ఎంఎస్‌కి ఇంత అని డబ్బు పెట్టి, ఊరు ఊరంతా కూడబలుక్కుని వేసే ఓటులో పాట ఎక్కడుంటుందని అడుగుతున్నా. బాలు గారు మన నెల్లూరు సీమ మనిషి. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలుపెట్టినప్పుడు గెలుపును ప్రేక్షకుల ఓట్లకు వదల్లేదు. ఎక్కడ శ్రుతి తప్పిందో, ఏ మాట సరిగా పలకలేదో చెప్పి మరీ మార్కులు వేసేవారు. నాకు ఆ పద్ధతి మీదే గురి.

కనిగిరి:
అక్కా, గాయకులకు మార్కులు వేయడం వేరు, జనానికి ఏ పాట నచ్చిందో తెలుసుకోవడం వేరు. శ్రుతి సంగతి జడ్జి చెప్పగలడు. కనిగిరి బస్టాండులో ఏ పాట మోగుతోందో జడ్జికి ఎట్లా తెలుస్తుంది? కౌంట్‌డౌన్‌లో అడిగేది రెండోది.

ఇంకో మాట. అద్దంకిలో పుట్టిన శ్రీరామచంద్ర 2010లో ఇండియన్ ఐడల్ గెలిచింది కూడా ఓట్లతోనే. ఓడినప్పుడు ఓటు చెడ్డది, గెలిచినప్పుడు మంచిది అనలేం.

ఓటు తీసేసి యూట్యూబ్ వ్యూస్ చూసి ర్యాంకు ఇస్తే సరి అనేవాళ్ళున్నారు. అక్కడా డబ్బు ఆడుతుంది. ప్రకటనలుగా డబ్బు కట్టి తెచ్చుకున్న వ్యూస్‌ను మ్యూజిక్ చార్టుల లెక్కలోంచి తీసేస్తామని 2019లో యూట్యూబే చెప్పాల్సి వచ్చింది. మా ఇంట్లో నలుగురికీ ఒకటే స్మార్ట్ ఫోన్. అందులో మా తమ్ముడు చూసిందే లెక్క. మా అమ్మ రోజంతా పాడుకునే పాట ఏ వ్యూస్‌లోనూ కనపడదు. మిస్డ్ కాల్ ఓటు పెడితే ఆమె బటన్ ఫోన్ నుంచి కూడా వేస్తుంది.

లాయర్‌పేట (ఒంగోలు):
తమ్ముడూ, మీ అమ్మగారి ఓటు ఒకటి. అవతల అభిమాని ఓట్లు యాభై. ఆమె ఓటు మునిగిపోతుంది. నేను కోప్పడేది కూడా ఆమె తరఫునే.

పైగా ఛానల్ వాళ్ళే వేలు పెడితే? కొరియాలో ఎంనెట్ ఛానల్ నడిపిన ప్రొడ్యూస్ అనే పాటల పోటీల్లో ఓట్లు తారుమారు చేశారని 2019లో బయటపడింది. మరుసటి ఏడాది నిర్మాతకు జైలు శిక్ష పడింది. పాటల వ్యాపారం అంత పెద్దగా ఉన్న దేశంలోనే అట్లా జరిగితే ఇక్కడ ఎవరు చూసొచ్చారు?

కొండాయపాలెం గేటు (నెల్లూరు):
అమ్మా, నా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. అది ఎట్లా బయటపడిందో చూడండి. ఆ పోటీల్లో ఒకటైన ప్రొడ్యూస్ ఎక్స్ 101 ఫైనల్లో ఓట్ల సంఖ్యలు తెర మీద వేశారు. పక్కపక్క ర్యాంకుల్లో ఉన్న పోటీదారుల మధ్య ఓట్ల తేడా ఐదుచోట్ల ఒకే అంకె, 29,978. మామూలు ప్రేక్షకులు కూర్చుని తీసివేతలు చేసి పట్టుకున్నారు. అంకెలు వేయకుండా ఒకటి, రెండు, మూడు అని పేర్లు మాత్రమే చదివి ఉంటే ప్రేక్షకులకు ఏ ఆధారం దొరికేది?

యాభై ఓట్ల సంగతిలో మాత్రం మీతోనే ఉన్నాను. ఒక నంబరుకు వారానికి ఒకే ఓటు ఉండాలి, అదీ ఉచితంగా. ఓటు మీద డబ్బు వస్తున్నంత కాలం ఎక్కువసార్లు వేయమనే చెప్తారు.

టంగుటూరు రైతు:
మా పొగాకు వేలంలో ధర అందరి ముందూ పలుకుతుంది. బేలు (పొగాకు కట్ట) నోబిడ్ అయినా, అంటే ఎవరూ కొనకపోయినా, ఎదురుగానే అవుతుంది. బాధపడతాం గానీ మాకు తెలియకుండా జరిగిందని అనుకోం. ఓట్లు కూడా అట్లా ఎదురుగా లెక్క పెట్టమనండి.

లాయర్‌పేట (ఒంగోలు):
బాబాయ్ చెప్పింది సబబుగా ఉంది. ఒక నంబరుకు ఒక ఓటు, అంకెలు బయటికి అంటే నేను కొంత దిగొస్తా. అయినా సగమే. యూరప్ దేశాల మధ్య జరిగే యూరోవిజన్ పాటల పోటీలో 1997 నుంచి ఫోన్ ఓట్లు తెచ్చారు. ఇరుగుపొరుగు దేశాలు ఒకరికొకరు వేసుకుంటున్నారని గొడవ ముదిరాక, 2009లో ఫైనల్‌కు జ్యూరీని (పాట తెలిసిన న్యాయనిర్ణేతలను) మళ్ళీ తెచ్చి సగం సగం చేశారు. తమ దేశానికి తాము ఓటు వేసుకోకూడదన్న నియమం కూడా ఉంది. మన కౌంట్‌డౌన్లలో కూడా సగం పాట తెలిసినవాళ్ళకు ఇవ్వండి.

ఇంకొకటి మీరెవరూ ఎత్తలేదు. ఓటుకు పెట్టే ఇరవై పాటల జాబితా ఎవరు తయారు చేస్తున్నారు? అందులో లేని పాటకు మనం ఎన్ని ఓట్లు దాచుకున్నా వేయలేం. కొత్త సినిమాల ప్రచారంలో భాగంగానే ఆ జాబితా వస్తుంటే, ఒక్కో ఓటే వేయించినా గెలిచేది వాళ్ళు అనుకున్న ఇరవైలోనే.

కొండాయపాలెం గేటు (నెల్లూరు):
జాబితా విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అక్కడ ప్రేక్షకుడికి ఖాళీ గడి ఒకటి ఇవ్వాలి, తనకు నచ్చిన పాట పేరు తనే రాసుకునేట్టు. అమెరికాలో ఎంటీవీ 1998లో మొదలుపెట్టిన టీఆర్‌ఎల్ అనే ఓట్ల కౌంట్‌డౌన్‌లో ఒకే పాట రోజుల తరబడి పాతుకుపోకుండా 65 రోజుల తర్వాత పక్కన పెట్టేవాళ్ళు. అట్లాంటి గడువు కూడా కావాలి.

సగం జ్యూరీకి మాత్రం ఒప్పుకోను. జ్యూరీ ర్యాంకు కావాలంటే విడిగా ఇంకో పట్టీ వేయండి, రెండూ పక్కపక్కన చూపించండి. రెంటినీ కలిపితే జనం మాట ఏదో, పండితుల మాట ఏదో విడదీయలేం.