‘ప్రెడిక్టబుల్’ కథను తెలుగులో ఏమనాలి?

యాక్షన్ థ్రిల్లర్ల సమీక్షల్లో ‘స్టైలిష్‌గా ఉంది కానీ ప్రెడిక్టబుల్’ అనే మాటకు బదులుగా తెలుగులో ఏం రాయవచ్చన్న ప్రశ్నకు వచ్చిన మూడు సూచనలనూ (‘చర్వితచర్వణం’, ‘కొత్త సీసాలో పాత సారా’, ‘పాత చింతకాయ పచ్చడి’) చదివాను. స్టైల్ ఎప్పుడో మన మాటై కూర్చుంది కనుక దాన్ని కదిలించనక్కరలేదు. చిక్కంతా రెండో మాటతోనే.

‘చర్వితచర్వణం’ నమిలినదాన్నే మళ్లీ నమలడం. అది తీసినవారి పనిని చెబుతుంది గానీ చూసేవారి ఊహను కాదు. ఎవరూ తీయని కథ కూడా మొదటి అరగంటలోనే తేలిపోవచ్చు, నలిగిన కథ కూడా చివరిదాకా కట్టిపడేయవచ్చు. ‘కొత్త సీసాలో పాత సారా’ ఇంగ్లీషు నుంచి దిగిన పలుకుబడి. దానికి మూలమైన మత్తయి సువార్త (9:17)లో వరస తిరగబడి, పాత తిత్తులలో కొత్త ద్రాక్షారసం పోయరనే ఉంటుంది.

‘పాత చింతకాయ పచ్చడి’కి మాత్రం కొంత న్యాయం చేయాలి. మా ఇంట్లో తొక్కు అంటాం. పచ్చి చింతకాయలను ఉప్పూ పసుపూ వేసి దంచి, జాడీలో పెట్టి, మూడో నాడు మళ్లీ దంచి, పీచూ గింజలూ తీసి దాచుకుంటే, అది పాతబడినకొద్దీ నల్లబడి, జ్వరపడి లేచినవారికి పథ్యంగా పెట్టే గౌరవం తెచ్చుకుంటుంది. కావలసినప్పుడల్లా కొంత తీసి, ఎండుమిరపకాయలూ మెంతులూ ఇంగువా వేసి కొత్తగా పోపు పెట్టుకుంటారు. నియాన్ వెలుగులూ స్లో మోషనూ హీరో నల్ల కోటూ ఆ పోపే కనుక పోలిక బాగానే కుదిరింది. అయినా ఈ నుడికారం చెప్పేది పాతదనాన్నే, ముందుగా తెలియడాన్ని కాదు.

ఈ మధ్య ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో అలాంటి సినిమా ఒకటి చూస్తుండగా, కథానాయకుడి మిత్రుడు జేబులోంచి కూతురి ఫోటో తీసి చూపించాడో లేదో, వెనక వరుసలోని కుర్రవాడు ‘ఇగ సచ్చిండు’ అన్నాడు. మనిషి తెర మీద ఇంకా నవ్వుతూనే ఉన్నాడు; చావు మరో పది నిమిషాలకు గానీ రాలేదు. జరగబోయేది ఖాయమని తోచినప్పుడు దాన్ని భూతకాలంలో చెప్పేయడం మనకు అలవాటే. తప్పు చేసిన పిల్లవాడు, నాన్న గుమ్మంలో కనబడగానే, దెబ్బ పడకముందే ‘అయిపోయాను’ అనుకుంటాడు.

అందుకే ఇక్కడ విశేషణం కోసం వెతకడం కన్నా క్రియను నమ్ముకోవడం మేలని నా అభిప్రాయం. ‘తెలుస్తుంది’ అన్నది ‘తెలిసిపోతుంది’ అయినప్పుడు, పాలు పొంగిపోయినట్టు, గ్లాసు పగిలిపోయినట్టు, మనం కోరకుండానే జరిగిందన్న ఛాయ వచ్చి చేరుతుంది. దాచవలసినదాన్ని దాచలేకపోయారన్న ఫిర్యాదు ఆ ‘పోవు’లోనే ఉంది. ‘సినిమా స్టైల్‌గా తీశారు, కథ మాత్రం ముందే తెలిసిపోతుంది’ అంటే సరిపోతుంది. విశేషణమే కావాలని పట్టుబట్టేవారికి ‘ఊహకందే కథ’ ఉంది గానీ, అందులో ఆ విసుగు వినబడదు.