‘ఇనుప కరువా’, ‘ఇనుము లేమా’?

ప్రశ్న: సుఖవ్యాధిని కలిగించే ట్రైకోమొనాస్ వెజైనాలిస్ అనే పరాన్నజీవిని గురించిన వైద్య వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఇనుము సరిపడా దొరకనప్పుడు దాని ఎంజైములలో వచ్చే మార్పులను చెప్పే భాగానికి ‘ఇనుప కరువుకు ఎంజైముల స్పందన’ అని శీర్షిక పెట్టగా, చదివిన మిత్రులు ‘కరువు’ను కొట్టివేసి ‘లేమి’ అని దిద్దారు. ఏది ఉంచమంటారు?

సమాధానం: ముందు ‘ఇనుప’ సంగతి. ఇనుప గొలుసు, ఇనుప పెట్టె, చివరికి ఇనుప గుగ్గిళ్లు కూడా ఇనుముతో చేసినవే కనుక, ‘ఇనుప కరువు’ అంటే ఇనుముతో పోతపోసిన కరువు అనిపిస్తుంది. అక్కడ ‘ఇనుము’ అనే ఉండాలి.

ఇక ‘కరువు’. 1832-33 నాటి నందన కరువునూ, 1876లో మొదలైన ధాత కరువునూ మనవాళ్లు సంవత్సరం పేరుతో గుర్తుంచుకున్నారంటే, ఆ మాట ఊళ్లకు ఊళ్లు ఎండిపోయిన కాలాన్ని చెబుతుందన్నమాట. ఈ సూక్ష్మజీవి ఉండే చోట, అంటే యోనిలో, ఇనుము లేకపోలేదు. లాక్టోఫెరిన్ వంటి మాంసకృత్తులు దానిని పట్టి ఉంచుతాయి. గాదె నిండుగానే ఉంది, తాళం వేసి ఉంది. బహిష్టు రోజులలో రక్తంతో పాటు ఇనుము వచ్చిపడుతుంది, ఎర్రరక్తకణాలను ఛేదించి హీమోగ్లోబిన్ నుంచి కూడా ఈ జీవి ఇనుమును రాబట్టుకుంటుంది. నెలనెలా ఇలా హెచ్చుతగ్గులయ్యేదానిని కరువు అనలేము.

మీ మిత్రులు సూచించిన ‘లేమి’ కలిమికి ఎదురుమాట. జన్యుపదార్థానికి ముడిసరుకైన ప్యూరిన్లు, పిరిమిడిన్లు, అలాగే కొవ్వులలో చాలావరకు ఈ జీవి స్వయంగా తయారుచేసుకోలేదు, ఆతిథేయి శరీరం నుంచి తెచ్చుకోవలసిందే. అంటే లేమి దానికి పుట్టుకతోనే ఉంది. మారుతూ ఉండేది కొరత. కాబట్టి నా ఓటు ‘ఇనుము కొరత’కే.

నన్ను అంతకంటె ఇబ్బంది పెట్టినది ‘స్పందన’. ఎంజైముకు కొరత తెలియదు, తెలిసేది కణానికి. మాంసకృత్తులను తెగగొట్టే సిస్టీన్ ప్రోటియేజులనే చూడండి. వాటిలో టీవీసీపీ4 అనే దాని సందేశ ఆర్‌ఎన్‌ఏలో (ఎంజైము తయారీకి సూచనలు మోసుకెళ్లే అణువులో) తలపిన్నులా వంగిన ఒక మలుపు ఉంటుంది. ఇనుము తగ్గినప్పుడు కణంలోని కొన్ని మాంసకృత్తులు ఆ మలుపును అంటిపెట్టుకోవడంతో ఆ ఎంజైము తయారీ తగ్గుతుంది. టీవీసీపీ12 విషయంలో అటువంటి మలుపే సందేశం చివరి భాగంలో ఉండటం వల్ల సందేశం చెడిపోకుండా నిలిచి, తయారీ పెరుగుతుంది. కొరత ఒకటే, ఫలితాలు రెండు. ‘స్పందన’ అని ఊరుకుంటే ఆ తేడా పాఠకుడికి అందదు. పైగా ఈ కణంలో శక్తిని తయారుచేసే హైడ్రోజనోసోములనే భాగాలలో పనిచేసే ఫెరిడాక్సిన్ వంటి మాంసకృత్తులకు ఇనుము పనిముట్టులో భాగమే కనుక, కొరత వాటికి నేరుగా తగులుతుంది.

ప్రశ్నించినవారు: చాలా స్పష్టమైంది. తరువాతి భాగం ప్రయోగశాలలో గ్లూకోజు లేని ద్రవంలో దీనిని పెంచడం గురించి. అక్కడా ‘కొరత’ అనే వాడాలా?

సమాధానం: అక్కడ గ్లూకోజు నిజంగానే లేదు కాబట్టి ‘గ్లూకోజు లేమి’ అంటే తప్పు లేదు. అప్పుడు కణం ఆర్జినైన్ వంటి అమైనో ఆమ్లాల వైపు మళ్లుతుంది, ఆర్జినైన్‌ను విడగొట్టే ఎంజైముల ద్వారా తనకు శక్తినిచ్చే ఏటీపీ అణువులను సంపాదించుకుంటుంది. ‘ఆకలి రుచెరుగదు’ అన్న సామెత ఇక్కడ చక్కగా అతుకుతుంది. (అదే సామెత చివర ‘వలపు సిగ్గెరుగదు’ అని ఉంది కనుక, సుఖవ్యాధుల వ్యాసంలో పూర్తిగా ఉటంకించే ముందు సంపాదకుల అనుమతి తీసుకోండి.)

శీర్షిక ఇలా ఉంటే బాగుంటుంది: ‘ఇనుము కొరతలో ట్రైకోమొనాస్ ఏ ఎంజైములను పెంచుతుంది, వేటిని తగ్గిస్తుంది’. పొడుగైనా కర్త కణమేనని తెలుస్తుంది.