విశ్వాసినని చెప్పుకునే అభ్యర్థిని ఎలా తూచాలి?

పెద్దలందరికీ వందనాలు. మా సంఘంలో యౌవనస్థులకు వాక్యం బోధించే బాధ్యత నాది. గత ఎన్నికలకు ముందు ఒక ఆదివారం ఒక అభ్యర్థి ఆరాధన మధ్యలో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ముందు వరుసలో చాప మీద కూర్చుని, తానూ యేసును నమ్మి రక్షణ పొందినవాడినేనని సాక్ష్యం చెప్పి, తలమీద చేతులుంచి ప్రార్థన చేయించుకుని వెళ్లారు. ఆయన అనుచరుడు కానుకల సంచిలో వేసిన లావుపాటి కవరు గురించి ఎవరమూ అడగలేదు, నేనూ అడగలేదు.

మతం పేరుతో ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం తప్పేనని, అది ఓటరు మతానికీ వర్తిస్తుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పిందని తెలుసు. నన్ను వేధిస్తున్నది మనస్సాక్షికి సంబంధించిన సంగతి. 1991లో జాంబియాను క్రైస్తవ దేశంగా ప్రకటించిన అధ్యక్షుడు ఫ్రెడరిక్ చిలుబా ప్రజాధనాన్ని మళ్లించారని 2007లో లండన్ హైకోర్టు సివిల్ తీర్పు ఇచ్చింది. 2009లో జాంబియా కోర్టు మాత్రం క్రిమినల్ కేసులో ఆయన్ను నిర్దోషిగా విడుదల చేసింది. ఈ ఉదాహరణ చెబితే మా యౌవనస్థులు, "అయినా మనవాడు కదండీ" అంటున్నారు.

బైబిల్లోని నిర్గమకాండం 18లో, ప్రజలపై నాయకులుగా ఎలాంటివారిని నియమించాలో మామ యిత్రో మోషేకిచ్చిన సలహాలో దైవభక్తి పక్కనే సామర్థ్యం, సత్యాసక్తి, లంచం ముట్టని గుణం ఉన్నాయి. ఒకరి హృదయానికి తీర్పరులం కాకుండానే, ఆయన అఫిడవిట్టునూ అయిదేళ్ల పనినీ ఈ కొలతతో చూడడం యౌవనస్థులకు ఎలా నేర్పాలి? అలాంటి అభ్యర్థి వస్తే ప్రార్థించి, మైకు మాత్రం ఇవ్వకుండా పంపిన సంఘాలేమైనా ఉంటే, ఆ మాట ఎలా చెప్పారో దయచేసి తెలియజేయగలరు.